మూత్రపిండములకు మచ్చ పడిన రైతునకు ముందున్న కాలము

గత వేసవిలో కొబ్బరి తోటలలో కొమ్ము పురుగు నివారణ విషయమై మేము శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానపు గ్రామములు కొన్ని తిరిగితిమి. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపానులో ఈ ప్రాంతపు కొబ్బరి, జీడిమామిడి తోటలు విస్తారముగా కూలిపోయిన సంగతి పాఠకు లెరిగినదే. ఆ ఖాళీలలో నాటుటకై యొక గ్రామమున సంఘమువారు కొబ్బరి మొక్కలు తెప్పించి సభ్యులకు పంచుచుండిరి. నలువది యైదేండ్ల ప్రాయముగల యొక రైతు తన వంతునకు వచ్చిన ముప్పది మొక్కలను తీసికొన నిరాకరించెను. కారణ మడుగగా మొదట నేమియు చెప్పలేదు. అందరును వెళ్లిన పిమ్మట చొక్కా జేబులోనుండి నాలుగు మడతలు పెట్టిన కాగితములు రెండు తీసి మా చేతి కిచ్చి యిట్లనెను:

"బాబూ, కిడ్నీలు మచ్చ కట్టేసినాయన్నారు. ఆ మచ్చ ఇంక పోదన్నారు. దేశవాళీ మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు కావాలి గదా. అంతవరకు నేనుంటానా? ఎవరికోసం నాటమంటారు?"

ఆ దినమున మేము సమాధానము చెప్పలేకపోతిమి. మేము వైద్యులము గాము. విత్తనము, ఎరువు, పురుగు, తెగులు, ఇవియే మాకు తెలిసిన విద్య. అయినను ఈ గ్రామములలో మూత్రపిండ వ్యాధి ఆసుపత్రి విషయముగా మాత్రమే మిగిలి యుండలేదు. అది సేద్యపు విషయము కూడ నైనది. రోగ భయముచే మొక్క నాటనివాడు, బావి బాగుచేయించుకొననివాడు, మందుల నిమిత్తము భూమి నమ్ముకొన్నవాడు ప్రతి సంఘములోను గలరు. అందుచేత మేము వైద్యుల నడిగియు, పుస్తకములు చూచియు తెలిసికొన్న సంగతులను ఇచ్చట సభ్యులకు మనవి చేయుచున్నాము. ఇది వైద్యము గాదు. వైద్యునియొద్దకు పోవువాడు ఏమేమి యడుగవలెనో, ఏమేమి గ్రహింపవలెనో తెలుపుట మాత్రమే మా యుద్దేశము.

మూత్రపిండములు చేయు పని

వెన్నెముకకు ఇరుప్రక్కల, క్రింది ప్రక్కటెముకల దగ్గర, ఒక్కొక్కటి చొప్పున మూత్రపిండములు రెండు గలవు. ఒక్కొక్కటి పిడికిలి యంత యుండును. తూకము సుమారు 150 గ్రాములు. గుండె త్రోయు రక్తములో దాదాపు ఐదవ పాలు ఎల్లప్పుడును వీని గుండ ప్రవహించుచుండును. దినమునకు సుమారు 180 లీటర్ల నీరు రక్తమునుండి వడగట్టబడును. అందులో ఒకటిన్నర లీటరో, రెండు లీటర్లో మూత్రముగా వెలుపలికి పోవును; మిగిలిన దంతయు మరల రక్తములోనే కలియును. మాలిన్యము వెలుపలికి, సారము లోపలికి, ఇదియే యేర్పాటు.

ఇవి వడగట్టుటతో నూరకుండవు. రక్తపుపోటును సరిదిద్దుట, రక్తము వృద్ధియగుటకు కావలసిన ద్రవ్యమును పుట్టించుట, ఎముకలకు బలమునిచ్చు విటమినును పనికి వచ్చునట్లు చేయుట కూడ వీని పనులే. కావుననే మూత్రపిండములు చెడినవారికి ముఖము పాలిపోవును, ఆయాసము కలుగును, ఎముకలు నొచ్చును.

ఒక్కొక్క మూత్రపిండములో కంటికి కనబడని వడపోత గొట్టములు సుమారు పది లక్షలు గలవు. మనిషికిని మనిషికిని ఈ సంఖ్యలో చాల భేద ముండును. ముఖ్యముగా గమనింపవలసిన దేమనగా, పుట్టిన పిమ్మట క్రొత్త గొట్టము ఒక్కటియు ఏర్పడదు. తల్లి గర్భమునుండి తెచ్చుకొన్నదే మన మూలధనము. తక్కువ బరువుతో పుట్టిన శిశువునకు ఈ మూలధనము తక్కువగా నుండును. గర్భిణికి పెట్టు మంచి తిండి బిడ్డ మూత్రపిండములకు పెట్టు పెట్టుబడి యని తెలియవలెను.

మచ్చ యన నేమి?

కోతలలో కొడవలి తగిలి వ్రేలు తెగినచో కొన్ని దినములకు గాయము మాని అచ్చట మచ్చ నిలుచును. తెగినచోట శరీరము నారపోగుల వంటి పదార్థమును నింపి అతికించుటయే దీనికి కారణము. చర్మముమీద ఇది మేలే. కాని మూత్రపిండములో గాయము మానుట యనగా, వడపోత గొట్టముండిన తావున నారపోగు చేరుట. ఆ తావు ఇంక వడగట్టదు. మడిలో కొంత భాగము చవుడు పట్టినచో గట్లు, కాలువ, మడి యన్నియు నుండియు అచ్చట పైరు రానట్లే యిదియు.

మధుమేహము, అదుపు తప్పిన రక్తపుపోటు, చిరకాలము మూత్రమున కడ్డుపడు రాళ్లు, కొన్ని విధములైన వాపులు, కొన్ని మందులు, ఇవి మచ్చలకు సాధారణ కారణములు. మొదటి గాయము చేసిన కారణము తొలగిన తరువాత కూడ మచ్చలు పెరుగుచుండుట కలదు. కాడికి కట్టిన రెండెద్దులలో నొకటి కుంటుపడినచో బరువంతయు రెండవదానిమీద పడి, కొంతకాలమునకు అదియు కూలబడును గదా. అట్లే కొన్ని గొట్టములు పోయినప్పుడు మిగిలినవి వానివంతు పని కూడ చేయును. అధికశ్రమచే వానిలో ఒత్తిడి పెరిగి, కాలక్రమమున అవియు మచ్చ కట్టును. మిగిలిన యెద్దుకు బరువు తగ్గించుటయే యీ వ్యాధికి నేడు చేయు వైద్యములో ప్రధాన భాగము.

ఈ వ్యాధికి నొప్పి లేదు. రక్తములో క్రియాటినిను అను మలినమును కొలిచి మూత్రపిండముల స్థితిని ఊహింతురు. సుమారు సగము పని తగ్గువరకు ఆ కొలత పెద్దగా పెరుగదు. కాళ్లు వాచి, ఆకలి చచ్చి, వాంతులు మొదలిడిన పిమ్మట పరీక్షకు పోవుట, పురుగు మొవ్వంతయు తినివేసిన పిమ్మట కొబ్బరిచెట్టు నెక్కి చూచుటవంటిది.

మచ్చ యెన్నటికిని పోదా? దీనిని కరగించు మం దింతవరకు లేదు. అయినను ఆశకు చోటే లేదనరాదు. అమెరికాలోని మిన్నెసోటాలో మధుమేహ రోగులు ఎనమండుగురికి క్లోమగ్రంథిని మార్పిడిచేసి, వారి మూత్రపిండములను పదేండ్లు పరిశీలించిరి. అయిదేండ్లకు మార్పేమియు కనబడలేదు; పదేండ్లకు మధుమేహముచే గలిగిన చెడుగు చాల వరకు తగ్గియుండెను. ఈ సంగతి 1998లో ప్రకటితమైనది. గాయము చేయు కారణము సంపూర్ణముగా తొలగి, తగినంత కాలము గడచినచో, మూత్రపిండమునకు బాగుపడు శక్తి కొంత కలదని దీనివలన తెలియుచున్నది.

వయస్సు చేయు పని

మచ్చ యన్నమాట వినగానే మరణము సమీపించినదని తలచుట పొరపాటు. వయస్సు పెరిగినకొలది రోగము లేనివారి మూత్రపిండములలోను మచ్చలు పడును. ఇతరులకు తమ మూత్రపిండమును దానము చేయవచ్చిన 1,203 మంది ఆరోగ్యవంతుల మూత్రపిండపు ముక్కలను అమెరికాలోని మేయో వైద్యశాలవారు పరీక్షించి 2010లో ఫలితములను ప్రకటించిరి. 18 మొదలు 29 ఏండ్ల లోపువారిలో నూటికి ముగ్గురికి మాత్రము ముదిమి మచ్చలు కనబడెను. 70 ఏండ్లు దాటినవారిలో నూటికి 73 మందికి కనబడెను. వీరందరును జబ్బులేదని వైద్యులు నిర్ణయించినవారే. ఇరువది యేండ్ల ప్రాయమున నున్న వడపోత గొట్టములలో డెబ్బది యేండ్లకు సుమారు సగమే మిగులునని తరువాతి పరిశోధనలవలన తేలినది.

మూత్రపిండముల శక్తిని వైద్యులు ఒక సంఖ్యగా చెప్పుదురు. దానిని మనము వడపోత సంఖ్య యందము. ఆరోగ్యముగల యువకునకు ఇది నూరు, నూట యిరువది ప్రాంతమున నుండును. నలువది యేండ్లు దాటిన తరువాత ఏటికి సుమారు ఒకటి చొప్పున తగ్గుట సామాన్యము. అందరికిని తగ్గి తీరవలెనని నియమము లేదు. బాల్టిమోరు నగరమున అనేక సంవత్సరములు జరిపి 1985లో ప్రకటించిన పరిశీలనలో, మూడవ వంతు మందికి వయస్సుతో ఈ శక్తి తగ్గనే లేదు.

కావున డెబ్బది యైదేండ్ల వృద్ధునకు సంఖ్య 55 అని వచ్చినచో ఇల్లంతయు ఏడ్వవలసిన పనిలేదు. మూత్రములో ఆల్బుమిను అను మాంసకృత్తు పోకుండ, సంఖ్య నిలుకడగా నున్నచో, ఆయన యంత్రము నాశ్రయింపకయే తన యాయువును గడపుట చాల సంభవము. అదే సంఖ్య ముప్పదేండ్లవానికి వచ్చినచో అది తీవ్రమైన సంగతి. ఒకే కాగితము, ఒకే సంఖ్య. కాని వయస్సునుబట్టి అర్థము మారును.

ఉద్దానపు వ్యాధి

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలోని గ్రామములందు 1990 ప్రాంతమునుండి ఈ వ్యాధి పెచ్చు పెరిగినట్లు వైద్యులు గుర్తించిరి. 2019లో ప్రకటితమైన యొక పరిశోధనలో పెద్దవారిలో అయిదుగురిలో దాదాపు ఒకరికి మూత్రపిండ వ్యాధి యున్నట్లు తేలినది. వారిలో ఎక్కువమందికి మధుమేహము లేదు. ఇతర కారణమేదియు కనబడలేదు. ఇది వడపోత గొట్టముల నడిమి భాగమున మచ్చలు కట్టు వ్యాధి. మొదట కాళ్లు వాయవు, రక్తపుపోటు పెరుగదు, మూత్రములో ఆల్బుమిను ఎక్కువగా పోదు. అందుచేతనే ఇది మఱింత మౌనముగా నడచును.

సింహళదేశపు ఉత్తర మధ్య మండలములోని వరి రైతులలోను, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశములలో చెఱకు నరకు కూలీలలోను ఇట్టి వ్యాధియే గలదు. వేడిలో నీరు త్రాగక చేయు కఠినశ్రమ, త్రాగునీటిలోని ద్రవ్యములు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశలక్షణము మొదలగు ననేక కారణములను శాస్త్రజ్ఞులు విచారించుచున్నారు. ఏ యొక్కటియు ఉద్దానము విషయమున నిర్ధారణ కాలేదు. కావున "నీరే కారణము", "మందే కారణము" అని ఖండితముగా చెప్పి తమ సరకు నమ్మజూచువారి మాట నమ్మరాదు.

కారణము చిక్కక పోదనుటకు ఒక దృష్టాంతము గలదు. ఐరోపాలో డాన్యూబు నది ఉపనదుల వెంబడి బల్గేరియా, సెర్బియా, క్రొయేషియా మొదలగు దేశముల పల్లెలలో ఇట్టిదే యొక వ్యాధి 1950 దశకమున బయటపడెను. కొన్ని యూళ్లలో నుండును. ప్రక్క యూళ్లలో నుండదు. రమారమి యేబది యేండ్ల తరువాత, గోధుమ చేలలో పెరుగు ఒక కలుపుమొక్క గింజలు పంటతో కలిసి పిండియై రొట్టెలలో చేరుటయే దానికి ప్రధాన కారణమని తేలినది. ఆ మొక్క మన పొలము గట్లమీద కనబడు గాడిదగడపాకు జాతిలోనిది. ఆ జాతి యాకులను, వేళ్లను మందుగా మ్రింగుట మూత్రపిండములకు హాని యని సభ్యులు గుర్తుంచుకొనవలెను.

ముందున్న కాలమును లెక్కించుట

ఇప్పుడు మన రైతు ప్రశ్నకు వత్తము. "నేను ఎన్నాళ్లు బ్రతుకుదును?" అను ప్రశ్నకు మచ్చ సమాధానము చెప్పలేదు. ఎంత మచ్చ యున్నది యను దానికంటె, మిగిలిన భాగము ఏ వేగముతో పోవుచున్నది యనునదే ముఖ్యము. అప్పు ఎంత యున్నదో తెలిసిన చాలదు. వడ్డీ ఎంతో తెలియవలెనని సహకార సంఘ సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆయన మా చేతికిచ్చిన కాగితములలో నొకటి మూడేండ్ల నాటిది, మఱియొకటి అప్పటిది. వానిని మేమొక వైద్యునకు చూపగా, మొదటిదానిలో వడపోత సంఖ్య 46, రెండవదానిలో 40 అని లెక్కకట్టి చెప్పెను. మూడేండ్లలో ఆరు, అనగా ఏటికి రెండు తగ్గినది. సామాన్యముగా సంఖ్య పదికి సమీపించువరకు యంత్రపు టవసరము రాదు. నలువదినుండి పదివరకు ముప్పది గలదు. ఏటికి రెండు చొప్పున పోయినచో పదునైదేండ్లు. ఏటికి నాలుగు చొప్పున పోనిచ్చినచో ఏడున్నర యేండ్లే. వయస్సు సహజముగా తీయు ఒకటికి తగ్గింపగలిగినచో ముప్పదేండ్లు. అప్పటికి ఆయన డెబ్బది యైదేండ్లవాడగును.

ఈ లెక్క పంచాంగము గాదు. ఒక వాంతి జబ్బు, ఒక జ్వరము దీనిని తప్పింపవచ్చును. నడుమ కొన్నేండ్లు సంఖ్య కదలకుండ నిలుచుటయు కలదు. ఒక్క కాగితముతో తీర్పు చెప్పరాదు. కనీసము మూడు నెలల యెడముగా రెండు పరీక్షలు జరిగిననే గాని దీర్ఘవ్యాధి యని వైద్యులును నిర్ణయింపరు. మచ్చ పడినను వడ్డీ తగ్గించుట మన చేతిలో కొంత యున్నదని చూపుటకే ఈ లెక్క వ్రాసితిమి.

వడ్డీ తగ్గించు పనులు

మొదటిది రక్తపుపోటు. దీనిని 130కి 80 లోపల నుంచుట మేలని వైద్యులు చెప్పుదురు. మిగిలిన గొట్టములమీది ఒత్తిడిని తగ్గించు మాత్రలు చవుకగా దొరకును. సర్కారు ఆసుపత్రులలో ఉచితముగా నిత్తురు. మధుమేహమునకై పుట్టిన మందులలో నొక జాతి, మధుమేహము లేని మూత్రపిండ రోగులకు కూడ మేలు చేయునని 2020లో తేలినది. 4,304 మంది రోగులమీద జరిపిన ఆ పరీక్షలో, మూత్రపిండములు బాగుగా క్షీణించుటయు, చెడిపోవుటయు, ఆ వ్యాధివలనను గుండెజబ్బువలనను మరణించుటయు కలిపి చూడగా నూటికి 39 వంతులు తగ్గెను. ఆ పరీక్షలో మూత్రమున ఆల్బుమిను పోవువారినే చేర్చుకొనిరి. ఉద్దానపు రోగి తనకది తగునో తగదో వైద్యుని యడిగి తెలిసికొనవలెను.

రెండవది నొప్పి మాత్రలు. పొలము పనిచేసి యొళ్లు నొచ్చినప్పుడు దుకాణములో కొని మ్రింగు డైక్లోఫినాకు, ఐబుప్రొఫెను వంటి మాత్రలు మూత్రపిండములకు రక్తము పోవు దారిని ఇరుకు చేయును. ఎండలో చెమటోడ్చి, నీరు త్రాగక, పైన ఈ మాత్ర మ్రింగుట కుంటెద్దును కొరడాతో కొట్టుటయే. పేరు లేని పొట్లములలోని భస్మములును అట్టివే. వానిలో సీసము, పాదరసము ఉండుట కలదు.

మూడవది ఉప్పు. దినమునకు 5 గ్రాములు, అనగా చిన్న చెంచాడు, చాలును. మన తీరగ్రామములలో ఎండుచేప, ఊరగాయ లేనిదే ముద్ద దిగదు. ఆ అలవాటును తగ్గించుకొనవలెను. చుట్ట, బీడీ మానవలెను. మూత్రపిండ రోగులలో అనేకులు యంత్రపు దశకు రాకమునుపే గుండెజబ్బుచే మరణింతురని వైద్యులు చెప్పుదురు. కావున గుండెకు చేయు మేలు ఆయుర్దాయమునకు చేయు మేలే.

నాలుగవది ఎండ. తెల్లవారుజామున పని మొదలిడి, మిట్టమధ్యాహ్నమున నీడకు చేరి, దాహము వేయకమునుపే నీరు త్రాగుచుండవలెను. నికరాగువాలో చెఱకు కూలీలకు నీరు, నీడ, విశ్రాంతి ఏర్పరచిన చోట్ల మూత్రపిండములకు గాయమగుట తగ్గినట్లు పరిశోధకులు కనుగొనిరి. కాని వ్యాధి ముదిరి కాళ్లు వాచినవారు వైద్యుడు చెప్పిన కొలత మేరకే నీరు త్రాగవలెను.

అయిదవది ఉద్దానమువారు ప్రత్యేకముగా వినవలసినది. కొబ్బరినీరు ఆరోగ్యవంతునకు అమృతము. వ్యాధి ముదిరినవానికి అదే విషము కావచ్చును. అందులో పొటాసియము అధికము. చెడిన మూత్రపిండములు దానిని బయటికి పంపజాలవు. అది రక్తములో పెరిగినచో గుండె ఆగిపోవును. పనసపండు, అరటిపండు విషయమును ఇంతే. రోగిని చూడవచ్చిన బంధువులు ప్రేమతో బొండము కొట్టి ఇచ్చుట మా కంటితో చూచితిమి. ఇచ్చువారు ముందుగా వైద్యుని మాట తెలిసికొనవలెను.

యంత్రమును, మార్పిడియు

ఇన్ని చేసినను కొందరికి సంఖ్య పదికి పడును. అప్పుడును దారి మూసికొనిపోదు. హాలెండు దేశపు వైద్యుడు విలెం కోల్ఫ్ 1943లో రక్తమును యంత్రముతో వడగట్టు డయాలసిసును మనుష్యునికి ఉపయోగించెను. నేడు వారమునకు మూడుసార్లు, ప్రతిసారి నాలుగు గంటలు యంత్రమున కూర్చుండి అనేకులు ఏండ్ల తరబడి జీవించుచున్నారు. తొందరపడి ముందుగా యంత్రమెక్కుటవలన లాభము లేదని ఆస్ట్రేలియా, న్యూజీలాండులలో జరిగి 2010లో ప్రకటితమైన పరీక్ష తేల్చినది. లక్షణములు చూచి వైద్యుడు చెప్పినప్పుడు చాలును. రెండవ మార్గము మార్పిడి. 1954లో బోస్టను నగరమున కవల సోదరుల నడుమ మొదటిది జయప్రదమాయెను; మన దేశమున 1971లో వెల్లూరులో జరిగెను. తగినవారికి యంత్రముకంటె మార్పిడియే మిన్న. మిక్కిలి వృద్ధులై, గుండెజబ్బు కూడ గలవారికి యంత్రము ఆయువును అంతగా పెంచదు. వారు యంత్రము వలదని, బాధ తగ్గించు మందులతో ఇంటివద్దనే యుండ గోరుటయు గౌరవింపదగినదే.

ఖర్చు విషయమున 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2016 నాటి జాతీయ డయాలసిసు కార్యక్రమము పేదలకు ఆధారములైనవి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ పరిశోధన కేంద్రమును తెరువబడెను. హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు త్రాగునీరు తెచ్చు పథకము కూడ అప్పుడే ప్రారంభమాయెను.

సంఘము చేయదగినది

ఇందులో సహకార సంఘమునకు పని లేదని కొందరు తలపవచ్చును. మా మనవి యేమనగా: ఏటికొకసారి, ఖరీఫు అప్పులు పంచు దినములలో, సభ్యులకును వారి భార్యలకును రక్త, మూత్ర పరీక్షలు జరుగునట్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమువారిని పిలువవలెను. ఫలితములను పాసుపుస్తకమువలె ఏటేట వ్రాసి ఎవరిది వారికే ఇయ్యవలెను, ఇతరులకు చూపరాదు. యంత్రమునకు పోవువారికి వారమునకు మూడుసార్లు బండి యేర్పరచుట నలుగురు కలిసినచో కష్టము గాదు. భూమిని తాకట్టు పెట్టి దొంగ వైద్యుల పాలగువారిని సంఘమే ఆపవలెను.

మఱియొక మాట. ఈ గ్రామముల పిల్లలను వివాహమాడుటకు వెనుదీయువారు గలరని విన్నాము. ఇది అంటువ్యాధి గాదు. వియ్యపు భయముచేతనే పరీక్ష దాచుకొని, దాచుకొన్నందుచేతనే చెడినవారు పలువురు. రోగమును దాచుట పురుగు పట్టిన చెట్టుకు ముసుగు వేయుట.

వేసవినాటి రైతుయొద్దకు కార్తీకమాసమున మేము మరల పోతిమి. నొప్పి మాత్రలు మానెను. రక్తపుపోటు మందు తప్పక మ్రింగుచున్నాడు. తెల్లవారకముందే తోటకు పోయి యెండ ముదురకముందే తిరిగి వచ్చుచున్నాడు. ఆ నెల చేయించిన పరీక్షలో సంఖ్య 40 గానే యున్నది. ఆరు నెలల నిలుకడ చూచి వ్యాధి ఆగినదని మేమనము. ఆయనయు ననలేదు. ఇంటి వెనుకకు తీసికొనిపోయి, మూరెడు లోతు గోతులలో నాటిన పదునెనిమిది మొక్కలను చూపెను. తక్కిన పండ్రెండింటిని బావమరిది కిచ్చెనట. "వీటికి కొమ్ము పురుగు పట్టకుండా ఏం వెయ్యమంటారు బాబూ?" అని యడిగెను. ఆ ప్రశ్నకు మాకు సమాధానము తెలియును గనుక, మొవ్వు ఆకుల మొదళ్లలో ఇసుకతో కలిపిన వేపపిండి వేయు విధమును అచ్చటనే కూర్చుండి చూపి వచ్చితిమి.